షట్‌డౌన్ చేశాక గోడ స్విచ్ కూడా ఆపాలా?

ప్రశ్న (అనంతపురం నుండి ఒక పాఠకురాలు): మా ఇంట్లో ఆరేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. మా మామగారు ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి టీవీ, మిక్సీ, కంప్యూటర్ అన్నింటికీ గోడ మీది స్విచ్‌లు ఆపితే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. షట్‌డౌన్ చేస్తే కంప్యూటర్ ఆగిపోయినట్టేననీ, రోజూ మెయిన్ కరెంటు తీసేస్తూ ఉంటే లోపలి భాగాలు చెడిపోతాయనీ వాడి వాదన. రెండు నెలలుగా ఒక కొత్త ఇబ్బంది కూడా వచ్చింది. ఉదయం కంప్యూటర్ వేయగానే ఎప్పటిదో పాత తేదీ చూపిస్తోంది. ఇంటర్నెట్ ఉన్నా బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకోవడం లేదు, సురక్షితం కాదంటూ హెచ్చరిక వస్తోంది. తాత స్విచ్ ఆపడం వల్లే ఇదంతా జరిగిందని మనవడు, యంత్రం పాతబడిందని తాత. ఎవరి మాట సరైనది? పైగా మే నెలలో ఉరుములు మొదలైతే నాకు ఆ కంప్యూటర్ గురించే భయంగా ఉంటుంది.

జవాబు: మీ మామగారి అలవాటు మంచిదే, దానిని మాన్పించకండి. మీ అబ్బాయి మాటలోనూ కొంత నిజం ఉంది గాని, అందులోని చిక్కుకు విరుగుడు కొద్ది రూపాయలకే అంగడిలో దొరుకుతుంది.

షట్‌డౌన్ చేసినంత మాత్రాన డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోకి కరెంటు రావడం పూర్తిగా ఆగదు. ముప్పై ఏళ్ల కిందటి కంప్యూటర్లలో ముందువైపు ఉండే పెద్ద స్విచ్ 230 వోల్టుల కరెంటును నిజంగానే తెంచేది. విండోస్ 95 నాటి పాత యంత్రాలలో షట్‌డౌన్ చేస్తే, ఇక కంప్యూటర్‌ను ఆపవచ్చునని తెర మీద ఒక వాక్యం కనిపించేది, ఆ తరువాత మనం చేత్తో స్విచ్ నొక్కితేనే అది ఆగేది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే కొత్త అమరికను తెచ్చిన తరువాత ఈ పద్ధతి మారింది. ఇప్పుడు మీ సీపీయూ డబ్బా ముందున్న బటన్ కరెంటును తెంచే స్విచ్ కాదు, 'లేవాలి' అనో 'ఆగాలి' అనో మదర్‌బోర్డుకు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ పలకకు, కబురు పంపే చిన్న బటన్ మాత్రమే. ఆ కబురు అందుకోవడానికి మదర్‌బోర్డులో కొంత భాగం ఎప్పుడూ మెలకువగా ఉండాలి. అందుకోసం మెకానిక్కులు ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే విద్యుత్ సరఫరా డబ్బాలో ఒక చిన్న సర్క్యూట్, గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, ఊదా రంగు తీగ ద్వారా 5 వోల్టుల కరెంటును పంపుతూనే ఉంటుంది. కంప్యూటర్ ఆగిపోయినా కొన్ని యంత్రాలలో మౌసు అడుగున ఎర్ర దీపం వెలుగుతూ ఉండటానికీ, వెనుక నెట్‌వర్క్ తీగ పెట్టే చోట చిన్న దీపం మినుకుమంటూ ఉండటానికీ కారణం అదే.

ఈ మెలకువకు ఎంత కరెంటు ఖర్చవుతుందనేది చాలామంది మొదట అడిగే ప్రశ్న. నా దృష్టిలో అది అన్నింటికన్నా చిన్న విషయం. ఆగి ఉన్న డెస్క్‌టాప్ సాధారణంగా ఒకటి నుండి మూడు వాట్ల దాకా తీసుకుంటుంది. రెండు వాట్లు అనుకుని, రోజుకు 20 గంటలు అది ఆగి ఉంటుందనుకుంటే, ఏడాదికి 14.6 యూనిట్లు అవుతుంది. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే 88 రూపాయలు. మీ ఇంట్లో 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ ఒకటి రాత్రింబగళ్లు ఎనిమిది రోజులు తిరిగితే అయ్యే ఖర్చు అది. ఆదా చేయదగినదే, కాని స్విచ్ ఆపాలా వద్దా అనే నిర్ణయాన్ని దాని మీద ఆధారపడి చేయనక్కరలేదు.

ఇప్పుడు తేదీ సంగతికి వద్దాం. మీ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా గుండ్రంగా ఒక సెల్లు ఉంటుంది. దాని పేరు సీఆర్ 2032. అందులోని 20 అనేది సెల్లు వెడల్పు 20 మిల్లీమీటర్లనీ, 32 అనేది మందం 3.2 మిల్లీమీటర్లనీ చెప్పే అంకెలు. అది 3 వోల్టుల సెల్లు. కంప్యూటర్‌కు గోడ నుండి కరెంటు అందుతున్నంతసేపూ లోపలి గడియారం ఆ కరెంటుతోనే నడుస్తుంది, సెల్లు అరగదు. గోడ స్విచ్ ఆపిన క్షణం నుండి గడియారం భారం సెల్లు మీద పడుతుంది. అందుచేత రోజూ స్విచ్ ఆపే ఇళ్లలో సెల్లు కాస్త తొందరగా అయిపోతుందన్న మాట నిజమే. మీ అబ్బాయికి ఈ మేరకు మార్కులు వేయవచ్చు. కాని ఎంత తొందరగా అన్నది కూడా లెక్క వేసి చూడాలి కదా. అలాంటి సెల్లులో సుమారు 220 మిల్లీఆంపియర్-గంటల సత్తువ ఉంటుంది. గడియారం 5 మైక్రోఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, కరెంటు అసలు ఇవ్వకుండా పక్కన పెట్టేసినా అది అయిదేళ్లు నడవాలి. మీ కంప్యూటర్ వయసు ఆరేళ్లు. ఎండాకాలపు వేడిని కూడా కలుపుకుంటే ఆ సెల్లు తన ఆయుష్షును నిండుగానే గడిపి అయిపోయిందని నేను అంటాను. మీ మామగారిని తప్పు పట్టే పని లేదు.

బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకోకపోవడానికి కూడా ఈ సెల్లే కారణం. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు చెల్లుతుందనే ధ్రువపత్రం ఒకటి ఉంటుంది, బ్రౌజర్ దానిని మీ కంప్యూటర్ గడియారంతో సరిపోల్చి చూస్తుంది. మీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయింది కాబట్టి, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ అనుకుంటుంది. వచ్చిన హెచ్చరికను దాటవేసి బ్యాంకు పని చేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. కంప్యూటర్ ప్లగ్గు తీసి, పాత సెల్లు ఎటు తిరిగి ఉందో చూసుకుని, కొత్తది అలాగే పెట్టించి, తేదీ సరిచేస్తే చాలు. ఈ పని మీ అబ్బాయే అయిదు నిమిషాల్లో చేయగలడు, తాత పక్కన నిలబడి చూస్తే ఇంకా మంచిది.

రోజూ మెయిన్ ఆపి వేయడం వల్ల లోపలి భాగాలు చెడిపోతాయా అన్నది అతని రెండో అనుమానం. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటును కాసేపు నిలవ చేసుకునే పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఖాళీగా ఉన్న వాటికి ఒక్కసారిగా కరెంటు అందినప్పుడు, సెకనులో వందో వంతు కూడా పట్టని కాలంలో, అవి మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటును లాక్కుంటాయి. స్విచ్ వేసి ఉన్న సాకెట్‌లో ప్లగ్గు గుచ్చితే చిటుక్కుమని నిప్పురవ్వ లేచేది ఇందుకే. ఈ దూకుడును అదుపు చేయడానికి దాదాపు అన్ని ఎస్‌ఎంపీఎస్‌లలోనూ థర్మిస్టర్ అనే భాగం ఉంటుంది. అది చల్లగా ఉన్నప్పుడు కరెంటును నెమ్మదిగా వెళ్లనిస్తుంది, వేడెక్కాక దారి ఇస్తుంది. రోజుకు ఒకసారో రెండుసార్లో వేసి ఆపడం దానికి ఏమాత్రం భారం కాదు. ఆపిన వెంటనే మళ్లీ వేస్తే మాత్రం అది ఇంకా వేడిగానే ఉండి తన పని చేయలేదు. కాబట్టి ఆపాక కనీసం అర నిమిషం ఆగి వేయడం మంచిది. ఎప్పుడూ ముందు ప్లగ్గు గుచ్చి ఆ తరువాతే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపకుండా ఉంచడం వల్ల కూడా కొంత అరుగుదల ఉంటుందని మీ అబ్బాయికి చెప్పండి. నేను ముందు చెప్పిన 5 వోల్టుల చిన్న సర్క్యూట్ ఏళ్ల తరబడి విరామం లేకుండా వేడిలో పనిచేస్తూ ఉంటే, దానిలోని కెపాసిటర్లు ఎండిపోయి, ఒకరోజు బటన్ ఎంత నొక్కినా కంప్యూటర్ లేవదు. రాత్రిపూట ఆపితే ఆ భాగానికి విశ్రాంతి దొరుకుతుంది.

అసలు ప్రమాదం స్విచ్ ఆపడంలో లేదు, తొందరపడి ఆపడంలో ఉంది. తెర నల్లబడగానే కంప్యూటర్ ఆగిందని అనుకుంటారు. అప్పటికింకా అది హార్డ్ డిస్కు మీద రాస్తూ ఉండవచ్చు. విండోస్ 8 నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఏర్పాటులో, షట్‌డౌన్ సమయంలోనే మరుసటి ఉదయానికి కావలసిన సమాచారాన్ని కొంత డిస్కు మీద దాచిపెడుతుంది. అప్‌డేట్ వస్తున్న రోజున ఆపవద్దని తెర మీద చెబుతూ పది, ఇరవై నిమిషాలు కూడా తీసుకోవచ్చు. ఆ సమయంలో గోడ స్విచ్ తీస్తే విండోస్ మొత్తం చెడిపోయి, మళ్లీ వేయించుకోవలసి రావచ్చు. మీ మామగారికి ఒక్క గుర్తు చెప్పండి: డబ్బా ముందున్న దీపం ఆరిపోవాలి, లోపలి ఫ్యాను చప్పుడు ఆగాలి, అప్పుడు స్విచ్ మీద చేయి వేయాలి. దీపం ఆరకుండా నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ ఉంటే, మీ అబ్బాయి దానిని షట్‌డౌన్ చేయకుండా నిద్రపుచ్చాడని అర్థం. స్లీప్ అనే ఆ స్థితిలో చేస్తున్న పని అంతా జ్ఞాపకశక్తి చిప్పుల్లో మాత్రమే ఉంటుంది, స్విచ్ తీస్తే సేవ్ చేయనిదంతా పోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు రాత్రి స్విచ్‌లు ఆపే అలవాటు ఉన్నప్పుడు ఈ స్లీప్ అనేది వాడకపోవడమే మేలు. హైబర్నేట్ అయితే సమాచారం డిస్కు మీదికి చేరుతుంది కాబట్టి పూర్తిగా ఆగాక స్విచ్ తీయవచ్చు.

ఇక ఉరుముల సంగతి. నేను స్విచ్ ఆపమని చెప్పడానికి అన్నింటికన్నా పెద్ద కారణం ఇదే. మీ జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కాని ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలోనూ, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరులోనూ వచ్చే ఆ కొద్ది వానలు తరచుగా ఉరుములతోనే వస్తాయి. పిడుగు మీ ఇంటి మీదే పడనక్కరలేదు. ఎక్కడో కిలోమీటరు దూరాన స్తంభం మీదో, దాని దగ్గరో పడినా, తీగల వెంట వేల వోల్టుల అల ఒకటి క్షణంలో మీ సాకెట్ దాకా వస్తుంది. గోడ స్విచ్ ఆపి ఉంటే చాలావరకు రక్షణే, కాని పూర్తి రక్షణ కాదు. మన ఇళ్లలోని స్విచ్ కరెంటును తెచ్చే ఫేజు తీగ ఒక్కదానినే తెంచుతుంది, న్యూట్రల్, ఎర్తు తీగలు కంప్యూటర్‌కు తగులుకునే ఉంటాయి. స్విచ్ లోపలి ఖాళీ కూడా కొన్ని మిల్లీమీటర్లే, బలమైన అల దానిని దూకగలదు. కాబట్టి మబ్బు పట్టి ఉరుము వినిపించినప్పుడు షట్‌డౌన్ చేసి, స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకి పక్కన పెట్టాలి. ఉరుము నెత్తి మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు ప్లగ్గు పట్టుకోవడానికి పరుగెత్తడం ప్రాణానికే మంచిది కాదు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన 'దామిని' అనే యాప్ మన చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో ఫోనులో చూపిస్తుంది. మీరు దానిని పెట్టుకుంటే భయం స్థానంలో ముందుచూపు ఉంటుంది.

ప్లగ్గు తీసినా ఇంకొక దారి మిగిలిపోతుంది. కొన్నేళ్ల కిందట నేను స్వయంగా చేసిన పొరపాటు ఇది. ఉరుములు మొదలైనప్పుడు కంప్యూటర్ ప్లగ్గు జాగ్రత్తగా తీశాను, ఇంటర్నెట్ డబ్బా నుండి వచ్చే నెట్‌వర్క్ తీగను మాత్రం వదిలేశాను. వాన వెలిశాక కంప్యూటర్ బాగానే లేచింది గాని, నెట్‌వర్క్ తీగ పెట్టే చోటు చచ్చిపోయింది. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్లు వచ్చాయి, గాజు తీగ కరెంటును మోయదు. అయినా ఆ డబ్బాకు గోడ సాకెట్ నుండి అడాప్టర్ ఉంటుంది, అక్కడి నుండి మీ కంప్యూటర్‌కు వచ్చేది రాగి తీగే. ప్లగ్గు తీసేటప్పుడు ఆ తీగను కూడా తీయండి. మీరు వైఫైతో వాడుకుంటున్నట్లయితే ఈ దారి ఎటూ లేదు.

కరెంటు పోయినప్పుడు కూడా స్విచ్ ఆపమనే నా సలహా. తిరిగి వచ్చే కరెంటు మొదటి నిమిషంలో నిలకడగా ఉండదు. చుట్టుపక్కల ఫ్రిజ్‌లు, మోటార్లు అన్నీ ఒకేసారి లేస్తాయి. దీపాలు నిలకడగా వెలిగాక రెండు మూడు నిమిషాలు చూసి వేయండి.

ప్రశ్న (కడప నుండి ఒక పాఠకుడు): షట్‌డౌన్ చేసిన తరువాత కూడా సీపీయూ డబ్బాను వట్టి కాళ్లతో తాకితే జివ్వుమని షాక్ కొడుతోంది. చెప్పులు వేసుకుంటే తెలియడం లేదు. గోడ స్విచ్ ఆపితే పూర్తిగా పోతోంది. రోజూ స్విచ్ ఆపేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. స్విచ్ ఆపడం వల్ల లక్షణం కనిపించకుండా పోతోంది, లోపం అలాగే ఉంది. మీ సాకెట్‌కు ఎర్తింగ్ అందడం లేదు.

ఎస్‌ఎంపీఎస్ లోపలికి కరెంటు అడుగు పెట్టే చోటనే విద్యుత్ అలజడిని వడకట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. అందులో రెండు చిన్న కెపాసిటర్లు ఫేజు నుండి ఇనుప డబ్బాకు ఒకటి, న్యూట్రల్ నుండి డబ్బాకు ఒకటిగా కలిపి ఉంటాయి. ఎర్తు సరిగా ఉంటే వాటి గుండా కారే స్వల్పమైన కరెంటు నేలలోకి వెళ్లిపోతుంది. ఎర్తు లేనప్పుడు డబ్బా ఆ రెండింటికీ నడుమన వేలాడుతూ సుమారు 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కంప్యూటర్ నడుస్తున్నా, షట్‌డౌన్ అయినా ఈ ఫిల్టర్‌కు తేడా లేదు, గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ అది కరెంటులోనే ఉంటుంది. మీ ఇంట్లో నేల కడప బండలదైతే, అది కూడా తడి తుడిచిన వెంటనే వట్టి కాళ్లతో నిలబడితే, మీ ఒంటి గుండా ఆ కరెంటు తన దారి వెతుక్కుంటుంది. అది మిల్లీఆంపియర్‌లో కొంత భాగమే కాబట్టి జివ్వుమంటుంది గాని మనిషికి హాని చేయదు. కాని రేపు ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు తీగ తెగి డబ్బాకు తగిలిందనుకోండి, అప్పుడు ఎర్తు లేని డబ్బా మీద చేయి వేసినవారికి పూర్తి 230 వోల్టులు తగులుతాయి. నేను తొందర పెడుతున్నది అందుకు.

మీ ఉత్తరంలో ఒక మంచి విషయం కూడా తెలిసింది. స్విచ్ ఆపగానే షాక్ పోతోందంటే, మీ స్విచ్ ఫేజు తీగ మీదే ఉన్నదని అర్థం. కొన్ని ఇళ్లలో తీగలు తారుమారై స్విచ్ న్యూట్రల్ మీద పడుతుంది. అలాంటప్పుడు స్విచ్ ఆపినా యంత్రానికి ఫేజు తగులుకునే ఉంటుంది, జివ్వుమనడం ఆగకపోగా ఇంకా పెరుగుతుంది. ఈ కాలమ్ చదువుతున్న ఎవరి ఇంట్లోనైనా అలా జరుగుతున్నట్లయితే ఆ సాకెట్ వాడకం వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మన రాయలసీమ ఇళ్లలో ఎర్తింగ్ వేసి ఉన్నా పనిచేయకపోవడానికి తరచుగా కారణం నేలే. ఎర్ర గరప నేల, దాని కింద రాయి, నెలల తరబడి చుక్క వాన ఉండదు. ఎర్తు గుంత ఎండిపోతే అందులోని పైపు నేలతో సంబంధం తెగిపోయినట్టే అవుతుంది. గుంతలో బొగ్గు, ఉప్పు వేసేది తేమను నిలపడానికే. ఎండాకాలంలో వారానికి ఒకటి రెండుసార్లు ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయించండి. ఇంటి వెనుక గుంత ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేని ఇళ్లు నేను చాలా చూశాను. ముందు దానిని వెతకండి. గుంత బాగానే ఉంటే, దాని నుండి సాకెట్ దాకా ఆకుపచ్చ తీగ తెగకుండా వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్ చూస్తాడు. కొందరు పని తేలిక చేసుకోవడానికి సాకెట్‌లోనే న్యూట్రల్‌నూ ఎర్తునూ కలిపేస్తామంటారు, దానికి ఒప్పుకోకండి. వీధిలో న్యూట్రల్ తెగిన రోజున మీ డబ్బా మొత్తం ఫేజు అవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడానికి వాడే కన్వర్టర్లు కూడా ఎర్తును తెంచేవే. పిడుగుల కోసం కొనుక్కునే స్పైక్ గార్డులు కూడా అదనపు వోల్టేజిని చాలావరకు ఎర్తులోకే మళ్లించాలి, ఎర్తు లేని ఇంట్లో వాటి రక్షణ సగానికి సగం పోయినట్టే.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుండి ఒక విద్యార్థి): గోడ స్విచ్ బల్ల వెనుక అందదు. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉన్న స్విచ్ ఆపితే చాలా? అక్కడే ఎర్రగా ఇంకొక చిన్న స్విచ్ కూడా ఉంది, అదేమిటి?

జవాబు: నిలువు గీత, సున్నా గుర్తులున్న నల్ల స్విచ్‌ను సున్నా వైపు నొక్కితే కంప్యూటర్ వరకు రోజువారీగా సరిపోతుంది బాబూ. దాని దాకా వచ్చే తీగ మాత్రం కరెంటులోనే ఉంటుందని గుర్తుంచుకో. ఎలుకలు తిరిగే ఇంట్లో అది చిన్న విషయం కాదు, కాబట్టి వీలైతే బల్లను ఒక జానెడు జరిపి గోడ స్విచ్ అందేలా చేసుకో.

ఎర్ర స్విచ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అది పాత ఎస్‌ఎంపీఎస్‌లలో 230, 115 వోల్టుల మధ్య మార్చడానికి పెట్టినది. మన కరెంటు 230. దానిని 115 వైపు జరిపి స్విచ్ వేస్తే, లోపల మామూలుగా 325 వోల్టుల దగ్గర ఉండవలసినది 650 దాకా పోయి, కెపాసిటర్లు పెద్ద శబ్దంతో పేలుతాయి. అది ఆపే స్విచ్ అనుకుని జరిపినవారు ఉన్నారు.

ర్యామ్ మార్చడానికో, దుమ్ము దులపడానికో డబ్బా తెరిచేటప్పుడు షట్‌డౌన్ చేయడం చాలదు. మదర్‌బోర్డులో 5 వోల్టులు ఉండగా ర్యామ్ లాగితే రెండూ పాడు కావచ్చు. ప్లగ్గు తీసి, ముందున్న బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి, బోర్డు మీది దీపం ఆరాక పని మొదలుపెట్టు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పే పని ఎప్పుడూ చేయవద్దు, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు అందులో ప్రాణం తీయగల వోల్టేజి నిలిచి ఉంటుంది.

ప్రశ్న (కర్నూలు నుండి ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఒక పాఠకుడు): మా అంగడిలో నాలుగు కంప్యూటర్లు, నాలుగు యూపీఎస్‌లు, ఒక ఇంకు ప్రింటరు, ఒక లేజర్ ప్రింటరు ఉన్నాయి. రాత్రి కంప్యూటర్లు షట్‌డౌన్ చేసి, మెయిన్ స్విచ్ ఒక్కటి దించి షట్టర్ వేస్తాము. యూపీఎస్ బ్యాటరీలు ఏడాదిన్నరకే పోతున్నాయి. ఇంకు ప్రింటరులో గీతలు పడుతున్నాయి. మెయిన్ ఆపడం తప్పా?

జవాబు: మెయిన్ ఆపడం తప్పు కాదు, దానికి ముందు చేయవలసిన రెండు పనులు మీరు చేయడం లేదు.

మెయిన్ దించగానే కరెంటు పోయిందని మీ యూపీఎస్ అనుకుంటుంది. దాని పని అదే కదా. షట్టర్ వేసి మీరు వెళ్లిపోయాక, ఆగిపోయిన కంప్యూటర్ల ఆ రెండు వాట్ల కోసమూ, తన సొంత సర్క్యూట్ కోసమూ అది బ్యాటరీని కరిగిస్తూ, ఎవరికీ వినపడని కూత పెడుతూ, బ్యాటరీ అడుగంటేదాకా నడుస్తుంది. కంప్యూటర్ నడుస్తుంటే పావుగంటలో ఆగిపోయే యూపీఎస్, ఇంత తక్కువ భారం మీద గంటల కొద్దీ నడుస్తుంది. లోపల ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ. దానిని రోజూ పూర్తిగా ఖాళీ చేసి, తెల్లవారేదాకా ఖాళీగానే ఉంచితే లోపలి పలకల మీద గట్టి పొర కట్టి, మళ్లీ ఛార్జి ఎక్కదు. ఏడాదిన్నర నిలిచిందంటే అవి మంచి బ్యాటరీలేనని నేను అంటాను.

కాబట్టి కంప్యూటర్ పూర్తిగా ఆగాక, ప్రతి యూపీఎస్‌నూ దాని ముందున్న బటన్‌తో ఆపండి, దీపం ఆరిందో లేదో చూడండి, ఆ తరువాత మెయిన్ దించండి. మీ అంగడి పగలు పది గంటలు తెరిచి ఉంటుంది కాబట్టి బ్యాటరీ నిండడానికి ఆ సమయం చాలు, రాత్రి ఛార్జి పెట్టి వెళ్లనక్కరలేదు. దసరాకో సంక్రాంతికో ఎక్కువ రోజులు మూసేటట్లయితే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే ఆపి వెళ్లండి. వాడకుండా పక్కన పెట్టిన యూపీఎస్ ఉంటే, అది తనంతట తానే కరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలలకు ఒకసారి ఒక పూట ఛార్జి పెట్టండి.

మీ బ్యాటరీలకు రెండో శత్రువు వేడి. ఈ రకం బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ అది దాదాపు సగానికి పడిపోతుంది. కర్నూలు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఇనుప షట్టర్ వేసిన గదిలో ఇంకా ఎక్కువ. యూపీఎస్‌లను షట్టర్ దగ్గర నుండి లోపలి గోడ వైపు మార్చండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి, చుట్టూ గాలి ఆడనివ్వండి. లేజర్ ప్రింటరును యూపీఎస్‌కు కలిపి ఉంటే ఈరోజే తీసేయండి. కాగితం మీద పొడిని అతికించడానికి దాని లోపలి హీటరు వందల వాట్లు లాగుతుంది, చిన్న యూపీఎస్ అంత భారం మోయలేదు.

ఇంకు ప్రింటరు సంగతి వేరు. దానిని దాని సొంత బటన్‌తో ఆపినప్పుడు, ఇంకు చిమ్మే హెడ్ పక్కకు జరిగి, ఒక రబ్బరు మూత కింద చేరి, గాలి తగలకుండా కూర్చుంటుంది. అందుకు కొన్ని సెకన్లు పడుతుంది, ఆ చప్పుడు మీకు వినిపిస్తుంది. హెడ్ మధ్యలో ఉన్నప్పుడు మెయిన్ దించితే, ఆ హెడ్ రాత్రంతా తెరిచిన కలం పాళీలా ఎండుతుంది. మన ఊళ్ల పొడి గాలిలో ఒక్క రాత్రి చాలు, సన్నని రంధ్రాలు కొన్ని మూసుకుపోయి మీరు చెబుతున్న గీతలు పడతాయి. అందుచేత ఈ ఒక్క యంత్రాన్ని మాత్రం అన్నింటికన్నా ముందు, తన బటన్‌తోనే ఆపి, దీపం ఆరేదాకా ఉండి, అప్పుడు మెయిన్ దించండి. పగటిపూట మాటిమాటికీ ఆపి వేయడం కూడా వద్దు, లేచిన చాలాసార్లు అది హెడ్‌ను కడుక్కోవడానికి కొంత ఇంకు ఖర్చు చేస్తుంది. ఉదయం వేసినది రాత్రి ఆపండి. ఇప్పటికే పడుతున్న గీతలకు ప్రింటరు సెట్టింగులలో ఉండే హెడ్ క్లీనింగ్‌ను రెండు మూడుసార్లు, నడుమ కాసేపు ఆగుతూ చేసి చూడండి. అప్పటికీ పోకపోతే ఒక రాత్రి అలాగే ఉంచి, మరునాడు ఇంకోసారి చేశాకనే సర్వీసుకు ఇవ్వండి.